సాక్ష్యంలో రెండో వాక్యం

మా వర్ని, బోధన్ వైపు చర్చిల్లో ఆదివారం సాక్ష్యాల వేళ వెనక వరసలో కూర్చుని వింటే ఒక సంగతి తెలుస్తుంది. మైకు పట్టుకున్నవాళ్లంతా దాదాపు ఒకే వాక్యం చెబుతారు. మనిషి మారతాడు, అందిన మేలు మారుతుంది, అంతే. కొడుక్కి గల్ఫ్ వీసా వచ్చింది. కోడలికి కాన్పు సులువుగా అయింది. బోరులో నీళ్లు పడ్డాయి. ఏళ్ల తరబడి నానిన భూమి పంచాయితీ తెమిలింది. "దేవునికే మహిమ" అని చెప్పి మైకు పక్కవాళ్ల చేతికిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను. బోరు పడడం ఎంత పెద్ద సంగతో ఏప్రిల్ నెలలో ఆ ఇంటి గడప తొక్కినవాళ్లకు ఎరుకే. వాళ్ల సంతోషాన్ని తక్కువ చేసే మనసు నాకు లేదు.

నా పేచీ ఒక్కటే. ఆ వాక్యం తర్వాత రావాల్సిన రెండో వాక్యం రావడం లేదు. నీళ్లు పడ్డాయి, సరే. పక్క చేను ఎండుతుంటే ఏం చేశారు? కేసు గెలిచారు, మంచిదే. ఓడిన పాలివాడి ఇంటికి మళ్లీ రాకపోకలు మొదలయ్యాయా? ఈ ప్రశ్నలు సాక్ష్యం చెప్పేవాళ్లను ఎవరూ అడగరు. అయ్యగారు అడగరు, సంఘ పెద్దలు అడగరు. అడిగితే బాగుండదని మనమూ ఊరుకుంటాం.

బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని నేను. మా సంఘంలో స్త్రీల సమాజం లెక్కల పుస్తకం నా దగ్గర ఉంటుంది. కాబట్టి ఇది ప్రసంగం అనుకోకండి, పద్దులు రాసే మనిషి గొణుగుడు అనుకోండి.

ఆత్మీయ ఆశీర్వాదాలు అనే మాట మన చర్చిల్లో రోజూ వినపడుతుంది. వాటి జాబితా ఒకటి ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలోనే ఉంది. దేవుడు మనల్ని ఏర్పరచుకోవడం, బిడ్డలుగా చేసుకోవడం, పాపాలు క్షమించడం, తన సంకల్పాన్ని మనకు తెలియజేయడం, పరిశుద్ధాత్మతో ముద్ర వేయడం. అందులో వీసా లేదు, బోరు లేదు, డబుల్ బెడ్‌రూం ఇల్లు లేదు. పైగా ఆ పత్రిక రాసిన మనిషి అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. అందువల్ల ఇల్లూ బోరూ దేవుడివి కావని నేను అనను. కానీ మొదటి రకానికీ రెండో రకానికీ తేడా ఉంది. ఎకరం పొలం తమ్ముడికి సగం ఇస్తే నా చేతిలో సగమే మిగులుతుంది. క్షమాపణ అట్లా కాదు. నేను పొందిన క్షమాపణ నా పాలివాడికి ఇస్తే నా వాటా తరగదు. ఇంత ఖర్చులేని పంపకం దగ్గరే మనం ఎక్కువ పిసినారులం.

రెండో వాక్యం ఎలా ఉంటుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్ దాటి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే డిచ్‌పల్లి వస్తుంది. ఇప్పటి పిల్లలకు డిచ్‌పల్లి అంటే 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ. కొంచెం పెద్దవాళ్లకు గుట్ట మీది రామాలయం, దాని శిల్పాలు. మా అమ్మ కాలంలో మాత్రం ఆ పేరు చెప్పేటప్పుడు ఆడవాళ్లు గొంతు తగ్గించేవారు. "డిచ్‌పల్లికి తీస్కపోయిన్రట" అంటే ఆ ఇంట్లో ఎవరికో పెద్దరోగం వచ్చిందని అర్థం. కుష్ఠు అని నోటితో అనడానికి కూడా భయపడి పెద్దరోగం అనేవాళ్లు. ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు ఉండరు, ఆ ఇంటి పిల్లను చేసుకునేవాళ్లు ఉండరు.

అక్కడి ఆస్పత్రి కథ మా జిల్లాలో చాలామందికి తెలియదు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ అబర్డీన్‌లో వైద్యం చదివింది. భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1907లో ఇద్దరూ మన దేశానికి వచ్చారు, తర్వాత నిజామాబాద్ చేరారు. మామూలు రోగాలకు వైద్యం చేసే చోటికి కుష్ఠు రోగులు కూడా వచ్చి నిలబడేవారు. వాళ్లను ఉంచుకోవడానికి చోటు లేదు, వెళ్లగొట్టడానికి ఆమెకు మనసు రాలేదు. ఇక్కడే ఈ కథ మామూలు మిషనరీ కథల దారి తప్పుతుంది. చోటు కల్పించడానికి డబ్బిచ్చింది ఇంగ్లండ్ సంఘం కాదు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చాడు. ఆయన హిందువు. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా మెమోరియల్ కుష్ఠు ఆస్పత్రి తెరుచుకుంది.

ఇందులో ఎవరు ఎవరికి ఆశీర్వాదం? మా సండే స్కూలు పాఠాల్లో అయితే జవాబు సులువు. తెల్లదొరసాని ఇచ్చింది, మనవాళ్లు పుచ్చుకున్నారు. పద్దు రాసి చూస్తే లెక్క అట్లా కుదరదు. చేతులు స్కాట్లాండ్‌వి. డబ్బు నిజామాబాద్ హిందూ ఇంటిది. మందో? కుష్ఠుకు చాల్‌మూగ్రా గింజల నూనె వాడడం మన దేశపు పాత వైద్యంలో ఉన్నదే. తాగితే వాంతులు ఆగవు, అందుకే అది ఎవరికీ సరిగ్గా పని చేసేది కాదు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనెను సూదిమందుగా మార్చే పద్ధతి మీద పని చేశారు. డిచ్‌పల్లి దాన్ని అందిపుచ్చుకుంది. నూనె సూది అంటే మామూలు నొప్పి కాదు. మళ్లీ మళ్లీ, నెలల తరబడి ఆ సూదులు వేయించుకున్న రోగుల ఓపిక లేకపోతే ఆ వైద్యం ఒక్క అడుగు కదిలేది కాదు. ఆ ఓపిక వాళ్ల వంతు విరాళం. దాన్ని ఏ శిలాఫలకం మీదా రాయలేదు.

ప్రభుత్వం ఇసబెల్ కెర్‌కు 1923లో కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. తర్వాత 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చింది, రోగం నిజంగా నయమయ్యే రోజులు వచ్చాయి. దేశం మొత్తం మీద కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 చివర్లో ప్రకటించారు. అయినా కొత్త కేసులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు తీసుకోవచ్చన్న నిబంధన మన చట్టాల్లో 2019 దాకా ఉంది. డిచ్‌పల్లిలో 1915లోనే తలుపు తీసిన మనుషులను పార్లమెంటు అందుకోవడానికి నూరేళ్లు దాటింది. చట్టాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ముందు తలుపు తీసేవాళ్లు కొందరు ఉంటే తప్ప చట్టానికైనా దారి కనపడదని చెప్పడానికే ఇది.

ఆత్మీయం అనే మాట మన నోట్లో ఒక్కోసారి గాల్లో తేలిపోతుంది. కన్నీళ్లతో పాడడం ఆత్మీయం, ఉపవాసం ఆత్మీయం, రాత్రంతా మెలకువ ప్రార్థన ఆత్మీయం. అవన్నీ ఆత్మీయమే, కాదనను. కానీ డిచ్‌పల్లిలో ఆ రోజుల్లో ఆత్మీయమైన పనంటే పుండు కడగడం. వేళ్లు లేని చేతిని అరచేతిలోకి తీసుకుని కట్టు విప్పడం. ఇంటివాళ్లు కూడా ముట్టని మనిషిని ముట్టుకోవడం. దేవుడు నన్ను ముట్టుకున్నాడని నమ్మినవాళ్లు ఇంకొకరిని ముట్టుకోవడానికి వెనకాడరు. ముట్టుకోకపోతే ఆ నమ్మకం ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

లూకా సువార్తలో పదిమంది కుష్ఠు రోగుల సంగతి మనందరికీ కంఠతా వచ్చు. పదిమందీ బాగుపడ్డారు, ఒక్కడే వెనక్కి వచ్చాడు. ఆ ఒక్కడు సమరయుడు, అంటే యూదుల లెక్కలో బయటివాడు. కృతజ్ఞత గురించి ప్రసంగం చెప్పేటప్పుడు అయ్యగార్లు ఈ కథనే ఎత్తుకుంటారు. ఆ తొమ్మిదిమంది చెడ్డవాళ్లని ఆ కథలో ఎక్కడా లేదు. వాళ్లు యాజకుల దగ్గరికి వెళ్లారు, చెప్పిన పనే చేశారు. మేలు పొందారు, ఇంటికి పోయారు. మన సాక్ష్యాల్లో ఉండేది కూడా అంతే. తప్పేమీ లేదు, రెండో వాక్యం లేదు, అంతే.

పౌలు ఈ విషయంలో మొహమాటపడే మనిషి కాదు. యెరూషలేములో పేద విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ సంఘాల దగ్గర చందా పోగు చేశాడు. ఏళ్లు పట్టిన పని అది. ఆ చందా గురించి రోమీయులకు రాస్తూ చిన్న లెక్క చెప్పాడు. యెరూషలేము వాళ్ల ఆత్మీయ సంపదలో ఆ సంఘాలు పాలు పొందాయి కదా, అయితే శరీర అవసరాల్లో వాళ్లను ఆదుకోవడం ఆ సంఘాలు వాళ్లకు పడిన బాకీ అని. దయ అనలేదు, ధర్మం అనలేదు. బాకీ అన్నాడు. ఆ పత్రిక మొదట్లో ఇంకో మాట ఉంది. మీ దగ్గరికి వచ్చి మీకు ఆత్మీయ వరం ఒకటి ఇవ్వాలని ఉందని రాసి, వెంటనే సర్దుకుని, అంటే మీ విశ్వాసం వల్ల నేనూ నా విశ్వాసం వల్ల మీరూ కలిసి ధైర్యం పొందాలని అన్నాడు. అపొస్తలుడంతటివాడు నేను ఇస్తాను, మీరు పుచ్చుకోండి అని అక్కడితో ఆపలేకపోయాడు. ఇవ్వడం నేర్చుకున్న సంఘాలు మనకు కొన్నయినా ఉన్నాయి. పుచ్చుకోవడం నేర్చుకున్నవి ఇంకా తక్కువ. అదీ తమకంటే చిన్నవాళ్ల దగ్గర పుచ్చుకోవడం.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. వరసకు నాకు పెద్దమ్మ. పెనిమిటి బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పని చేశాడు. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న ఫ్యాక్టరీ అది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది. చెరుకు బండ్లు బారులు తీరిన రోడ్ల మీద ఇప్పుడు వడ్ల ట్రాక్టర్లు. జీతాలు ఆగిన ఇళ్లలో ఏం జరిగిందో నేను చెప్పనక్కర్లేదు, ఈ పత్రికలోనే ఎన్నోసార్లు చదివారు. మా పెద్దమ్మకు చదువు రాదు. బైబిలు ఎవరైనా చదివి వినిపించాలి. అయితే ఊళ్లో ఎవరి ఇంట్లో చావు జరిగినా, ఆస్పత్రి కబురు వచ్చినా ముందు చేరేది ఆమెనే. వెళ్లి ఏమీ మాట్లాడదు. గడప దగ్గర కూర్చుంటుంది. పిల్లలు తిన్నారా లేదా చూస్తుంది. లేచేముందు నెత్తి మీద చెయ్యి పెట్టి నాలుగు మాటల ప్రార్థన.

ఓసారి కాలువ నీళ్ల దగ్గర మా పక్క క్యాంపులో అన్నదమ్ములు పారలెత్తుకున్నారు. ఇద్దరూ మా సంఘంవాళ్లే. ఆదివారం ఇద్దరూ వచ్చి అదే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇంటికి పోయారు. పెద్దమనుషులు పిలిచి మందలిస్తామన్నారు. పెద్దమ్మ ఎవరినీ పిలవలేదు. పొద్దున పెద్దోడి ఇంట్లో చాయ్ తాగింది, సాయంత్రం చిన్నోడి ఇంట్లో చాయ్ తాగింది. ఏం చెప్పినవ్ పెద్దమ్మా అని తర్వాత అడిగితే, "ఏం జెప్త బిడ్డా, నీళ్లు ఇయ్యాల ఉంటయ్, రేపు ఉండయ్. నా కొడుకులు గిట్ల కొట్లాడితే నేను తట్టుకోకపోదును అన్న, అంతే" అంది. కొన్నాళ్లకు తూము దగ్గర వంతులు మాట్లాడుకున్నారని విన్నాను. ఆ ఇద్దరూ ఏ ఆదివారమూ సాక్ష్యం చెప్పలేదు. పెద్దమ్మ కూడా చెప్పలేదు. మైకు ఇస్తే ఆమె పట్టుకోదు, సిగ్గు.

ఈమె చందా పళ్లెంలో వేసేది చిల్లర. వార్షిక సభలో దాతల పేర్లు చదివేటప్పుడు ఆమె పేరు రాదు. సంఘంలో ఎక్కువ పంచింది ఎవరని నన్ను అడిగితే నేను చూపించే మనిషి ఈమెనే. నా పుస్తకంలో రాయడానికి మాత్రం కాలమ్ లేదు.

నా పుస్తకంలో ఉన్నవాటిలో నాకు ఇష్టమైన పద్దు పిడికెడు బియ్యం. అన్నానికి బియ్యం కడిగేముందు ఇంటావిడ ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. ఇది మా ఒక్కరిదే కాదు. ఎక్కడో మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, కోట్ల రూపాయలు పోగవుతున్నాయి. దాంతో మిషనరీలను పంపుతున్నారు, ఆస్పత్రులు నడుపుతున్నారు. మనది అంత పెద్ద కథ కాదు. కానీ ఆ డబ్బాలోకి తొంగి చూస్తే ఊరంతా కనపడుతుంది. పాత బియ్యం, కొత్త బియ్యం, ఒకరి చేలో పండిన సన్నాలు, ఇంకొకరి రేషన్ బియ్యం. రేషన్‌లో సన్నబియ్యం రావడం మొదలయ్యాక దొడ్డు బియ్యం తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అన్నీ కలిసిన ఆ బియ్యాన్ని వండితే కొత్తవి ముద్దవుతాయి, పాతవి పలుకు మీద ఉంటాయి. అందుకే వండం. ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. కొన్నవాళ్లు పిండి పట్టించి రొట్టెలకో అట్లకో వాడుకుంటారు. రూపాయి రూపాయి పెంచుతూ నవ్వుకుంటూ పాడే ఆ వేలం, నిజం చెప్పాలంటే, కొన్ని ప్రసంగాల కంటే నాకు ఎక్కువ ఆరాధనలా ఉంటుంది.

పేదవాళ్లు ఇవ్వాలా అని కొందరు అడుగుతారు. వాళ్లకే పెట్టాల్సింది పోయి వాళ్ల దగ్గర తీసుకుంటారా అని. ఈ ప్రశ్నకు డోర్నకల్ చరిత్ర జవాబు చెప్పింది. తమిళనాడులో తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని తెలుగు ఊళ్లకు సువార్త పంపారు. వాళ్ల తాతలు తాటిచెట్లెక్కి బతికినవాళ్లు. తెల్లవాళ్ల సొమ్ముకు చెయ్యి చాపకుండా పంపారు. ఆ ప్రయత్నం వెనకున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. మాలమాదిగ పల్లెల్లో కూలీనాలీ చేసుకునేవాళ్లను ఆయన ఇవ్వమనే అడిగాడు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, ఈ మంచివార్త ఇంకొకరికి చెప్పకుండా ఉండనని ప్రమాణం చేయించేవాడు. పొందిన రోజే పంచే బాధ్యత. తరతరాలుగా ఊరికి పెట్టేవాళ్లు వేరు, పుచ్చుకునేవాళ్లు వేరు అని నేర్పిన సమాజంలో, వెట్టి చేసిన చేత్తో నీకూ ఇచ్చే హక్కుందని చెప్పడం చిన్న సంగతి కాదు. ఇవ్వలేవని ఒకరి గురించి ముందే తేల్చేయడం వాళ్ల మీద జాలి కాదు, చిన్నచూపు.

అయితే ఇదే మాట ఇప్పుడు కొందరి నోట్లో వంకర తిరిగింది. టీవీలో, ఫోన్‌లో వచ్చే బోధకులు కొందరు విత్తనం వేయండంటారు. వెయ్యి వేస్తే లక్ష వస్తుందంటారు, అకౌంట్ నంబరు తెర మీద కింద పోతూ ఉంటుంది. విత్తనం మాట మాకు చెప్పడం ఏమిటి? వరి మీద, సోయా మీద, మక్క మీద బతికే ఊళ్లు ఇవి. విత్తనం వేస్తే పంట ఖాయమని మా దగ్గర ఏ రైతూ అనడు. మొలక రాదు, మొగిపురుగు కొడుతుంది, కోత వేళకు వాన పడి కల్లంలో వడ్లు మొలకెత్తుతాయి. అయినా ఏటా విత్తుతాడు, ఎందుకంటే విత్తడం అతని బతుకు. దేవుడితో వ్యాపార ఒప్పందం రాయించే ఈ బోధ వింటే నాకు కోపం వస్తుంది. గల్ఫ్ నుంచి మొగుడు పంపిన డబ్బులో సగం అట్లా పంపిన ఇల్లాళ్లు నాకు తెలుసు. ఆ మొగుళ్లేమో దుబాయ్‌లో, దోహాలో లేబర్ క్యాంపు గదుల్లో బంకు మంచాల మధ్య సెలవురోజున ప్రార్థన పెట్టుకుంటారు. గదిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి జీతం ఆగినా తలా కొంత వేసుకుంటారు. క్రైస్తవుడా కాదా అని చూడరు, మనూరోడా అని చూస్తారు. అసలైన సంఘం ఏదో వాళ్లకే బాగా తెలుసు.

మనూరోడా అన్న మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వర్ని అంటే బయటివాళ్లకు మొదట గుర్తొచ్చేది బడాపహాడ్. మా మండలంలోనే జలాల్‌పూర్ దగ్గర గుట్ట మీది దర్గా. ముస్లింలూ హిందువులూ మొక్కులు తీర్చుకోవడానికి బండ్లు కట్టుకుని వస్తారు. గుట్ట కింద రాళ్ల పొయ్యిల మీద కందూరు, అంటే మొక్కు భోజనం, వండుతారు. ఆ దారిన పోయేవాళ్లను పిలిచి ఆకులో పెడతారు, నీ మతమేంటని అడగరు. ఆ తిండి మన క్రైస్తవులు తినొచ్చా లేదా అన్నది సంఘాల్లో పాత వాదం, కొరింథీయుల పత్రిక తీసి ఇరువైపులా వచనాలు చూపిస్తారు. ఆ వాదం జోలికి ఇప్పుడు పోను. పిలిచి పెట్టే ఆ చెయ్యి మన కోత పండుగ ప్రేమవిందులో ఎంతమందికి చాస్తున్నాం అన్నదే నా ప్రశ్న. మన విందులో మన బంతే కూర్చుంటుంది. పక్కవీధి వాళ్లకు మన స్పీకర్ చప్పుడు వినపడుతుంది, వాసన వస్తుంది, పిలుపు రాదు.

ఇక్కడ ఒక భయం ఉంది, అది నిజమైన భయమే. బయటివాళ్లకు ఏదైనా ఇస్తే మతం మార్చడానికి ఇస్తున్నారని మాట వస్తుంది. కొన్నిచోట్ల గొడవలయ్యాయి కూడా. దానికి నా దగ్గర ఉన్న జవాబు డిచ్‌పల్లిదే. ఇచ్చేదానికి గాలం తగిలించకూడదు. ప్రార్థన చేయమంటే చేస్తాం, అడగకపోతే మూట ఇచ్చి వస్తాం. ఫోటో తీయం, వాట్సాప్‌లో పెట్టం. అలాగే వాళ్లిచ్చేదాన్ని పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి. నర్సాగౌడ్ డబ్బును కెర్ దంపతులు కాదనలేదు. ఎలీషా కాలంలో అప్పులపాలైన ఆ విధవరాలికి దేవుడు నూనె ఇచ్చాడు, సరే. పట్టడానికి ఖాళీ గిన్నెలు మాత్రం ఇరుగుపొరుగు ఇళ్ల నుంచే తెచ్చుకోమన్నాడు ఎలీషా. గిన్నెలు అయిపోయాకనే నూనె ఆగింది.

నిజాంసాగర్ కాలువ మీద బతికేవాళ్లకు ఇదంతా ఇంత వివరంగా చెప్పాల్సిన పనిలేదు. 1931కి పూర్తయిన ఆ డ్యాంలో నీళ్లు ఎన్ని టీఎంసీలున్నాయన్నది పేపర్లో చూస్తాం గానీ, కాలువ చివరి మడికి అందాయా లేదా అన్నదే కొట్లాటంతా. పై తూముల దగ్గరివాళ్లు మాకు బాగానే వచ్చాయని సాక్ష్యం చెబితే చివరి ఆయకట్టువాళ్లు చప్పట్లు కొట్టరు.

వానాకాలం వడ్లు ఇళ్లకు చేరాక మా సంఘంలో కోత పండుగ. ప్రథమ ఫలాలు వస్తాయి. బస్తా వడ్లు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు, చెరుకు గడలు, ఒక్కోసారి మేకపిల్ల. వేలంలో వచ్చే డబ్బే మా ఏడాది బడ్జెట్‌లో పెద్ద భాగం. ఈసారి అందులో పదో వంతు సంఘం బయటికి పోవాలని నేను కమిటీలో పెట్టాను. మనం దేవుడికి దశమ భాగం ఇచ్చినప్పుడు సంఘం కూడా తన రాబడిలో దశమ భాగం ఊరికి ఇవ్వాలి కదా అన్నది నా వాదన. నిజామాబాద్ పెద్దాసుపత్రికి పోవాల్సిన ముసలివాళ్లకు ఆటో కిరాయి. పదో తరగతి ఫీజు కట్టలేని పిల్లలకు సాయం, ఏ కులమైనా ఏ మతమైనా. జీతం ఆగి గల్ఫ్‌లో ఇరుక్కున్నవాళ్ల ఇంటికి నెల సరుకులు. వార్షిక సభలో వచ్చిన పద్దులు చదివినట్టే పోయిన పద్దులు కూడా చదవాలని, అయితే పుచ్చుకున్నవాళ్ల పేర్లు చదవకూడదని కూడా రాశాను.

ఒక సంఘ పెద్ద నవ్వాడు. "టీచరమ్మా, ముందుగాల మన ప్రహరీ గోడ కానియ్యి, అటెన్క ఊరి సంగతి జూద్దాం" అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. గోడ అవసరమే, పశువులు వస్తున్నాయి. మెదక్ చర్చి కట్టిన కాలం గుర్తుచేశాను. కరువు రోజుల్లో పోస్నెట్ దొర ఆ గుడి పని పెట్టింది ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి దొరకాలని కూడా. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగే నాటికి ఆ గోడలు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. మన గోడ పని కూడా ఊళ్లో పని లేనివాళ్లకు ఇద్దాం, మేస్త్రీ బోధన్ నుంచి రావాల్సిన పనిలేదు అన్నాను. దానికి సరే అన్నారు. పదో వంతు మాట మాత్రం వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

అక్కడ మళ్లీ అడుగుతాను. పదో వంతు ఎక్కువంటే ఇరవయ్యో వంతుకు దిగుతాను, సున్నాకు మాత్రం దిగను. అప్పటికీ ఒప్పుకోకపోతే పిడికెడు బియ్యం డబ్బుతో స్త్రీల సమాజమే మొదలుపెడుతుంది. దానికి కమిటీ సంతకం అక్కర్లేదు.